అన్ని యంత్రాలకూ ఒకే ఇనిట్ అనే నిబంధన వద్దు: నెల్లూరు, ప్రకాశం జిల్లాల ల్యాబు నిర్వాహకులకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన కంప్యూటర్ విభాగాధిపతులకు, ల్యాబు నిర్వాహకులకు, స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ పనిలో స్వచ్ఛందంగా పాలుపంచుకుంటున్న మిత్రులకు,

నమస్కారాలు. ఒంగోలు నుంచి నెల్లూరు దాకా ఉన్న కళాశాలల ల్యాబులకూ, గ్రంథాలయాల్లోని కంప్యూటర్లకూ, తీర మండలాల రొయ్యల గుంటల దగ్గర విద్యార్థుల ప్రాజెక్టులుగా మొదలై ఇప్పుడు రైతులు నిజంగానే ఆధారపడుతున్న చిన్న బోర్డులకూ కలిపి ఉమ్మడిగా లైనక్స్ ఇమేజ్‌లు (యంత్రంలోకి నేరుగా ఎక్కించగల సిద్ధ వ్యవస్థలు) తయారుచేయాలని మీరు తలపెట్టిన పని ఎప్పుడో జరగవలసింది. మీరు అభిప్రాయాల కోసం పంపిన ముసాయిదాలో నాకు అభ్యంతరం ఉన్నది ఒక్క నిబంధన మీదే. సిస్టమ్‌డి (యంత్రం లేవగానే మిగతా ప్రోగ్రాములను మొదలుపెట్టి నడిపించే వ్యవస్థల్లో ఒకటి) లేని డిస్ట్రిబ్యూషన్‌నే అన్ని యంత్రాల్లోనూ వాడాలని అందులో ఉంది. దాన్ని ఆ రూపంలో ఆమోదించవద్దని కోరుతున్నాను. అన్నిట్లోనూ సిస్టమ్‌డి మాత్రమే ఉండాలని రాసి ఉన్నా ఇంచుమించు ఇదే లేఖ రాసేవాణ్ని.

ఈ విషయం రోజూ చూడని పెద్దలు కూడా మీలో ఉన్నారు కాబట్టి నాలుగు మాటలు ముందుగా చెప్పాలి. యంత్రం ఆన్ చేశాక ఆపరేటింగ్ సిస్టమ్ మూలభాగమైన కెర్నల్ తన పని ముగించుకుని, మొట్టమొదటగా ఒకే ఒక్క ప్రోగ్రామును నడుపుతుంది. దాని ప్రాసెస్ సంఖ్య 1. అదే ఇనిట్. మిగతా ప్రోగ్రాములన్నీ దాని సంతతే; కన్న ప్రాసెస్ చనిపోయి అనాథలైనవాటిని చేరదీసేది కూడా సాధారణంగా అదే; అది చనిపోతే కెర్నల్ ఇక ముందుకు సాగలేక పానిక్ అయి ఆగిపోతుంది. డిస్కులు మౌంట్ చేయించడం, నెట్‌వర్క్ లేపడం, ఎస్‌ఎస్‌హెచ్, డేటాబేస్ వంటి సర్వీసులను సరైన వరుసలో మొదలుపెట్టడం దాని ప్రాథమిక బాధ్యతలు. మొదలుపెట్టిన సర్వీసు అర్ధరాత్రి కూలిపోతే ఏం చేయాలన్నది దాని పరిధిలోకి వస్తుందా రాదా అన్న దగ్గరే ఇన్నేళ్ల తగాదా మొదలైంది.

1983లో వచ్చిన యునిక్స్ సిస్టమ్ ఫైవ్ పద్ధతి ఈ రెండో బాధ్యతను దాదాపు పట్టించుకోలేదు. ఇనిట్.డి డైరెక్టరీలో షెల్ స్క్రిప్టులు ఉంటాయి, వాటికి అంకెలతో వరుస ఉంటుంది, వరుసగా నడిపించి ఊరుకుంటుంది. డేనియల్ బెర్న్‌స్టైన్ రాసిన డెమన్‌టూల్స్ సర్వీసు పక్కనే కాపలా ఉండే చిన్న ప్రాసెస్ అన్న ఆలోచనను ప్రచారంలోకి తెచ్చింది. రన్‌ఇట్, ఎస్6 ఆ దారిలో పుట్టినవే. ఇదే పనికి 2005లో సొలారిస్ 10తో ఎస్‌ఎంఎఫ్, అదే ఏడాది ఆపిల్ లాంచ్‌డి, 2006లో ఉబుంటు అప్‌స్టార్ట్ వచ్చాయి. 2010లో లెన్నార్ట్ పోయెట్రింగ్, కే సీవర్స్ సిస్టమ్‌డిని ప్రకటించారు. మరుసటి ఏడాది ఫెడోరా 15 దాన్ని స్వీకరించింది. డెబియన్ అనే లైనక్స్ డిస్ట్రిబ్యూషన్ సాంకేతిక సంఘంలో 2014 ఫిబ్రవరిలో ఓట్లు అప్‌స్టార్ట్, సిస్టమ్‌డిల మధ్య సమానంగా చీలిపోగా, అధ్యక్షుడు బ్డేల్ గార్బీ నిర్ణాయక ఓటుతో సిస్టమ్‌డి నెగ్గింది. అది నచ్చనివారు అదే ఏడాది నవంబరులో సిస్టమ్‌డి లేని డెబియన్ రూపమైన డెవువాన్‌ను ప్రకటించారు. మీ ముసాయిదా అనుబంధంలోని వాదాలు చాలావరకు ఆ ఏడాది వాదాలే, దాదాపు అవే మాటల్లో. అప్పటినుంచి సిస్టమ్‌డీ మారింది, దాని ప్రత్యామ్నాయాలూ మారాయి.

వాదాలను పక్కనపెట్టి, మన జిల్లాలో ఏం జరుగుతుందో చూద్దాం. ఇందుకూరుపేట వైపు ఒక రైతు గుంటల దగ్గర నీటిలో కరిగిన ఆక్సిజన్‌ను కొలిచి ఫోనుకు సందేశం పంపే బోర్డు ఒకటి ఉంది. వనామీ సాగు తెలిసినవారికి చెప్పనక్కరలేదు, రాత్రంతా నీటిలోని పాచి కూడా ఆక్సిజన్ పీల్చుకుంటుంది కాబట్టి తెల్లవారుజాముకు అది అట్టడుగుకు పడిపోతుంది. లీటరుకు 4 మిల్లీగ్రాముల కంటే తగ్గుతున్నదంటే ఏరేటర్లు తిరుగుతున్నాయో లేదో చూసుకోవలసిందే. ఒక రాత్రి కరెంటు పోయింది, జనరేటర్ అందుకుంది, బోర్డు మళ్లీ బూట్ అయింది. సెన్సర్ పెట్టెకు వేరే సప్లయి ఉండడంతో దాని యూఎస్‌బీ సీరియల్ పోర్టు కాస్త ఆలస్యంగా లేచింది. ప్రోగ్రాము పోర్టు కోసం వెతికి, కనబడక, తప్పు సంకేతంతో ముగిసిపోయింది. సర్వీసును ఎలా నడపాలో సిస్టమ్‌డికి చెప్పే యూనిట్ ఫైలులో రీస్టార్ట్ అని రాసే ఉంది. సిస్టమ్‌డి కూడా నిజాయితీగానే మళ్లీ మొదలుపెట్టింది, మళ్లీ పడిపోయింది. తెల్లవారి చూస్తే సర్వీసు ‘ఫెయిల్డ్’ స్థితిలో ఉంది, కింద ఒకే వాక్యం: స్టార్ట్ రిక్వెస్ట్ రిపీటెడ్ టూ క్విక్లీ. రైతు అలవాటు కొద్దీ టార్చిలైటు పట్టుకుని గట్టు మీద తిరిగి, రొయ్యలు పైకి తేలడం చూసి ఏరేటర్ల సంగతి తానే చూసుకున్నాడు కాబట్టి పంట నిలబడింది. ఆయన నాతో అన్నది ఒక్కటే: “ఏంది సార్, మీ డబ్బా గమ్మునుండిపాయె?”

ఆ డబ్బా ఎందుకు గమ్మున ఉండిపోయిందో వివరంగా చెప్పడం అవసరం, ఎందుకంటే మన నిర్ణయానికి అసలు ఆధారం ఇక్కడే ఉంది. సిస్టమ్‌డిలో ఎవరూ ఏమీ మార్చకపోతే, పడిపోయిన సర్వీసును 100 మిల్లీసెకన్ల విరామంతో మళ్లీ లేపుతుంది. 10 సెకన్లలో 5 సార్లకు మించి లేపవలసి వస్తే, అది బాగుపడే రకం కాదని తీర్మానించుకుని, మనిషి వచ్చి కదిలించేదాకా దాని జోలికి పోదు. పోర్టు లేవడానికి ఇరవై సెకన్లు పట్టే చోట మొదటి రెండు మూడు సెకన్లలోనే ఆ అవకాశాలన్నీ ఖర్చైపోతాయి. పాత సిస్‌వీ (సిస్టమ్ ఫైవ్) ఇనిట్‌కు కూడా ఇలాంటి హద్దు ఉంది, కాకపోతే స్వభావం వేరు: దాని అమరికల ఫైలైన ఇనిట్‌ట్యాబ్‌లో రీస్పాన్ అని రాసిన ప్రోగ్రాము 2 నిమిషాల్లో 10 సార్లకు మించి పడిపోతే దాన్ని 5 నిమిషాలపాటు ఆపి, ఆ తర్వాత మళ్లీ ప్రయత్నిస్తుంది. రన్‌ఇట్‌కు ఈ లెక్కలేవీ లేవు. వెంటవెంటనే పడిపోయే సర్వీసును సెకనుకోసారి లేపుతూ, ఆపమని మనం చెప్పేదాకా లేపుతూనే ఉంటుంది. డేటాసెంటర్లో ఈ మూడోది చికాకు కావచ్చు, ప్రాసెసర్ కాలం తినేస్తుంది, లాగ్ నింపేస్తుంది. గుంట గట్టు మీద ఉన్న బోర్డుకు కావలసింది మాత్రం అదే మొండితనం.

అలాగని ఆ రాత్రి దోషం సిస్టమ్‌డిదని నేను అనను. యూనిట్ ఫైలులో రీస్టార్ట్‌సెక్ విలువ 10 సెకన్లుగా, స్టార్ట్‌లిమిట్‌ఇంటర్వల్‌సెక్ విలువ సున్నాగా రాస్తే అది కూడా రన్‌ఇట్ లాగే పట్టు విడవదు. ఈ రెండోదాన్ని యూనిట్ అనే విభాగంలో రాయాలి. మొదటిదాని పక్కనే ఉంటే బాగుంటుందని సర్వీస్ విభాగంలో రాసేవారిని తరచు చూస్తున్నాను, అక్కడ అది చెల్లదు, లాగ్‌లో చిన్న హెచ్చరిక ఒకటి పడుతుంది, దాన్ని ఎవరూ చదవరు. ఆ ప్రోగ్రామును అమ్మిన సంస్థ ఎక్కడో ఒక సర్వర్ కోసం రాసిన యూనిట్ ఫైలును తెచ్చి గట్టు మీద పెట్టింది. రేపు మీ ఇమేజ్‌లో ఓపెన్‌ఆర్‌సి అనే మరో ఇనిట్ వ్యవస్థ ఉన్నా ఆ సంస్థ అంతే అజాగ్రత్తగా ఒక స్క్రిప్టు రాసి ఇస్తుంది, పైగా ఓపెన్‌ఆర్‌సిలో సూపర్‌వైజ్-డెమన్ అనే కాపలా ప్రోగ్రామును వాడుతున్నామని స్క్రిప్టులో ప్రత్యేకంగా చెప్పకపోతే, పడిపోయిన సర్వీసును లేపేవారే ఉండరు.

లాగ్‌ల సంగతి ఇంకాస్త తీవ్రమైనది, దీన్ని మీ ముసాయిదా పట్టించుకోలేదు. సిస్టమ్‌డి వాడే బైనరీ (మామూలు పాఠ్యం కాని) లాగ్ యునిక్స్ సంప్రదాయానికి విరుద్ధమని మాత్రం రాశారు. నాకు సంప్రదాయం గురించి పెద్దగా పట్టింపు లేదు. ఆ లాగ్‌ను చదివే జర్నల్‌సీటీఎల్‌తో ఒక సర్వీసుకు సంబంధించిన, ఒక బూట్‌కు సంబంధించిన వరుసలను మాత్రమే రప్పించుకోగలగడం నాకు ప్రతిరోజూ పనికొస్తున్నది. కరెంటు కోతలున్న చోట అడగవలసిన ప్రశ్న వేరే ఉంది. ఆ లాగ్‌ను రాసే జర్నల్‌డి మామూలు స్థాయి సందేశాలను 5 నిమిషాలకోసారి మాత్రమే డిస్కుకు ఖాయపరుస్తుంది. అత్యవసర స్థాయివాటిని వెంటనే రాస్తుంది. అంటే కరెంటు పోయిన క్షణానికి ముందు ఏం జరిగిందో చెప్పవలసిన వరుసలే పోయే ప్రమాదం ఉంది. దాని స్టోరేజ్ అమరిక ఆటోగా ఉండి, /var/log/journal అనే డైరెక్టరీ లేకపోతే అసలు లాగ్ మొత్తం ర్యామ్‌లోనే ఉండి, బోర్డు ఆగగానే పోతుంది. కారణం కనుక్కోవడానికి వెళ్లినవాడికి ఇది గోరుచుట్టు మీద రోకటిపోటే. ఈ వ్యవధిని తగ్గించుకోవచ్చు, కానీ తగ్గించినకొద్దీ మెమరీ కార్డు అరుగుతుంది. ఎస్6, రన్‌ఇట్‌లతో వచ్చే లాగింగ్ ప్రోగ్రాములు మామూలు పాఠ్యంగానే రాస్తాయి, ఫైళ్లను పరిమాణం దాటనివ్వవు. సగంలో తెగిన ఫైలునైనా పిల్లలు తెరిచి చదవగలరు.

పాత స్క్రిప్టులకే తిరిగి వెళ్దామని మీలో కొందరు పెద్దలు అంటున్నట్టు విన్నాను. ఆ స్క్రిప్టులతో పెరిగినవాణ్నే అయినా ఆ కోరికను సమర్థించలేను. సర్వీసు తన ప్రాసెస్ సంఖ్యను ఒక పిడ్ ఫైలులో రాసుకోవడం, తర్వాత ఆపాలన్నా స్థితి తెలుసుకోవాలన్నా ఆ ఫైలునే నమ్ముకోవడం అందులోని పద్ధతి. ఆ ఫైలు డిస్కు మీద ఉన్న యంత్రంలో కరెంటు హఠాత్తుగా పోతే అది అలాగే మిగిలిపోతుంది. తిరిగి బూట్ అయ్యాక ఆ సంఖ్య ఇంకో ప్రోగ్రాముది అయి ఉంటుంది. సర్వీసేమో తాను ఇప్పటికే నడుస్తున్నానని చెప్పి మొదలవడానికి నిరాకరిస్తుంది, లేదా ఆపమన్నప్పుడు ఏ సంబంధమూ లేని ప్రోగ్రాము చస్తుంది. సిస్టమ్‌డి ప్రతి సర్వీసునూ కెర్నల్‌లోని సీగ్రూప్ అనే ప్రాసెస్‌ల గుంపులో ఉంచుతుంది కాబట్టి ఆ సర్వీసు ఎన్ని పిల్ల ప్రాసెస్‌లను పుట్టించినా ఏది ఎవరిదో తెలుస్తుంది. రన్‌ఇట్, ఎస్6 సర్వీసుకు నేరుగా తామే కన్నవారై ఉంటాయి కాబట్టి పిడ్ ఫైలు అవసరమే రాదు. ఈ విషయంలో రెండు శిబిరాలూ ఒకటే, పాత స్క్రిప్టులు మాత్రం విడిగా మిగిలాయి.

సిస్టమ్‌డి మీద మీ భయాల్లో కొన్నిటితో నేను ఏకీభవిస్తాను. సంఖ్య 1 ప్రాసెస్‌లో ఎంత ఎక్కువ కోడ్ ఉంటే అంత ప్రమాదమన్నది నిజం. 2016 సెప్టెంబరులో, ఏ ప్రత్యేక అధికారమూ లేని సాధారణ వినియోగదారుడు ఒక ఖాళీ సందేశం పంపి దాన్ని స్తంభింపజేయగలడని బయటపడింది. లాగిన్, డీఎన్ఎస్, నెట్‌వర్క్, బూట్‌లోడర్ దాకా దాని విస్తరణ పెరుగుతూ పోవడం కూడా గమనించదగినదే. అయితే అది ఒక కంపెనీ చేతిలో ఉందన్న వాదం నన్ను అంతగా కదిలించదు. ఎల్‌జీపీఎల్ అనే స్వేచ్ఛా లైసెన్సు కింద ఉన్న కోడ్ అది, దాని మొదటి రచయిత రెడ్‌హ్యాట్ నుంచి 2022లో మైక్రోసాఫ్ట్‌కు మారినా పని ఆగలేదు. అదంతా ఒకే ప్రోగ్రాము అనడం కూడా సరికాదు, ఒకే చోట తయారయ్యే పలు ప్రోగ్రాములు అవి, చాలావాటిని వదిలేయవచ్చు.

అనుబంధంలో మీరు ఉదాహరించిన 2024 మార్చి నాటి ఎక్స్‌జెడ్ (ఫైళ్లను కుదించే సాఫ్ట్‌వేర్) ఉదంతం మాత్రం ఇంకొంచెం జాగ్రత్తగా చెప్పుకోవలసినది. ఆండ్రెస్ ఫ్రాయిండ్ కనిపెట్టిన ఆ దొంగదారి ఎక్స్‌జెడ్ 5.6.0, 5.6.1 విడుదలల్లో ఉంది. దాని గురి ఎస్‌ఎస్‌హెచ్ సర్వర్. అసలు ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్‌కు ఆ కుదింపు లైబ్రరీతో సంబంధమే లేదు. ‘నేను సిద్ధం’ అని సిస్టమ్‌డికి చెప్పడం కోసం డెబియన్, ఫెడోరా వంటివారు ఎస్‌ఎస్‌హెచ్‌కు సిస్టమ్‌డి లైబ్రరీని తగిలించారు, దాని వెంట ఇది వచ్చింది. ఆ సందేశం పంపడానికి నిజానికి ఒక యునిక్స్ సాకెట్‌కు ఒక చిన్న పాఠ్యం రాస్తే చాలు, ఏ లైబ్రరీ అక్కరలేదు. ఆ ఏడాదే ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ అలాగే చేసింది కూడా. కాబట్టి ఇందులో మనం నేర్చుకోవలసింది ఇనిట్‌ను మార్చడం గురించి కాదు, మన ప్రోగ్రాములు ఇనిట్‌కు ఎంత అంటుకుని ఉన్నాయన్న దాని గురించి.

ఇక ల్యాబుల విషయం, ఇది త్వరగానే తేలుతుంది. ల్యాబుల్లో, గ్రంథాలయాల్లో, కళాశాల సర్వర్లలో డెబియన్‌ను దాని సహజ ఇనిట్‌తోనే, అంటే సిస్టమ్‌డితోనే ఉంచండి. మన పిల్లలు ఉద్యోగాలకు వెళ్లేచోట కనబడే రెడ్‌హ్యాట్, ఉబుంటు, సూసే అన్నీ అదే వాడుతున్నాయి; ప్రభుత్వ సంస్థ సీడాక్ వారి బాస్ లైనక్స్‌కు కూడా ఆధారం డెబియనే. డెస్క్‌టాప్‌లకు, లాగిన్లను చూసుకునే సిస్టమ్‌డి భాగమైన లాగిన్‌డి కావాలి. దాన్ని విడదీసి ఈలాగిన్‌డిగా అందిస్తున్నవారి శ్రమ మెచ్చుకోదగినదే, కానీ డెస్క్‌టాప్ కొత్త విడుదల వచ్చినప్పుడల్లా ఏది ఊడిందో వెతికి అతికే చేతులు మన దగ్గర లేవు. 2019 డిసెంబరులో డెబియన్ సభ్యులు మళ్లీ ఓటేసి, సిస్టమ్‌డి మీదే దృష్టి పెడతాం, ప్రత్యామ్నాయాలను అన్వేషించేవారికి అడ్డుపడం అన్న అర్థమున్న ప్రతిపాదనను గెలిపించారు. సిస్టమ్‌డిలో చిరాకులున్నాయని మొత్తం ల్యాబులను వేరే దారికి తిప్పడం ఎలుకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టుకోవడమే. ఆ చిరాకుల్లో ఒకటి మీ అందరికీ తెలిసినదే: ఊడదీసిన డిస్కు పేరు, మౌంట్ చేయవలసిన డిస్కుల జాబితా అయిన ఎఫ్‌స్ట్యాబ్‌లో మిగిలిపోతే బూట్ 90 సెకన్లు ఆగి, చివరకు ఎమర్జెన్సీ తెర ముందు నిలబడుతుంది. ఆ వరుసలో నోఫెయిల్ అని ఒక్క మాట చేరిస్తే ఆ సమస్య ఉండదు.

గుంటల దగ్గరి బోర్డులకు మాత్రం వేరే ఇమేజ్ ఉండాలి. నా మొగ్గు ఆల్పైన్ అనే చిన్న లైనక్స్ డిస్ట్రిబ్యూషన్ వైపు. దాన్ని డిస్కులేని పద్ధతిలో పెట్టుకుంటే బూట్ సమయంలో మెమరీ కార్డు నుంచి అంతా ర్యామ్‌లోకి ఎక్కి అక్కడే నడుస్తుంది, మనం ఎల్‌బీయూ కమిట్ అని చెప్పినప్పుడు మాత్రమే మార్పులు కార్డుకు చేరతాయి. నవంబరు, డిసెంబరు వాయుగుండాల రోజుల్లో కరెంటు రోజంతా దోబూచులాడినా కార్డు పాడయ్యే అవకాశం బాగా తగ్గుతుంది. ఇనిట్ ఎంపిక కంటే ఈ ఒక్క ఏర్పాటే అక్కడ ఎక్కువ మేలు చేస్తుందని నా అభిప్రాయం. ఆల్పైన్‌లో సహజంగా ఉండేది ఓపెన్‌ఆర్‌సి. సెన్సర్ ప్రోగ్రామును సూపర్‌వైజ్-డెమన్ కింద పెట్టాలి, లేదా ఆ ఒక్కదానికి రన్‌ఇట్ కాపలా పెట్టుకోవచ్చు, రెండూ ఆల్పైన్ ప్యాకేజీల్లో దొరుకుతాయి. స్క్రిప్టు ఇరవై వరుసలు దాటదు, దాన్ని ఒక పాలిటెక్నిక్ విద్యార్థి గట్టు మీద నిలబడి ఫోనులో చదివి అర్థం చేసుకోగలగాలి.

అందుచేత ఆ నిబంధన స్థానంలో ఇనిట్ పేరు లేకుండా, మన ప్రోగ్రాములు ఎలా ఉండాలో చెప్పే పాఠాన్ని చేర్చమని విజ్ఞప్తి చేస్తున్నాను. మనం రాసేది గానీ, డబ్బిచ్చి రాయించుకునేది గానీ ప్రతి సర్వీసు ముందు తెరలోనే నడవాలి, తనంతట తాను వెనక్కి పోయి దాక్కోకూడదు. లాగ్‌ను సొంత ఫైలులో కాక మామూలు అవుట్‌పుట్‌కు రాయాలి. ఆగమన్న సంకేతం అందగానే రాస్తున్న కొలతను పూర్తిచేసి ముగియాలి. పోర్టు కనబడనప్పుడు చచ్చిపోకుండా కాసేపు ఆగి తానే మళ్లీ వెతకాలి. సిస్టమ్‌డి లైబ్రరీకి గానీ మరే ఇనిట్ లైబ్రరీకి గానీ అంటుకుని ఉండకూడదు. ఇలా రాసిన ప్రోగ్రాము సిస్టమ్‌డి కింద, ఓపెన్‌ఆర్‌సి కింద, రన్‌ఇట్, ఎస్6, డినిట్‌ల కింద ఒక్క అక్షరం మారకుండా నడుస్తుంది. అప్పుడు ఏ ఇనిట్ అన్న ప్రశ్న ఐదు పది వరుసల ఫైలు ఒకటి మార్చుకునే ప్రశ్నగా చిన్నదైపోతుంది. ఇనిట్.డి స్క్రిప్టులకు మద్దతు తీసేస్తామని సిస్టమ్‌డి బృందం 2023లోనే ప్రకటించింది కాబట్టి, ల్యాబు సర్వర్లలో ఇంకా మిగిలి ఉన్న పాత స్క్రిప్టులను ఈ సందర్భంగానే మార్చేయడం మంచిది.

పాఠ్యప్రణాళిక మీ చేతుల్లో పూర్తిగా ఉండదని తెలుసు, కానీ ల్యాబు పీరియడ్లు మీవే. ఒకే చిన్న సర్వీసును విద్యార్థుల చేత సిస్టమ్‌డి యూనిట్‌గా, ఓపెన్‌ఆర్‌సి స్క్రిప్టుగా, రన్‌ఇట్ డైరెక్టరీగా రాయించి, మూడింటినీ కావాలని చంపించి, ఏది ఎలా లేస్తుందో చూపించండి. పిల్లలు తమ జేబుల్లోని ఆండ్రాయిడ్ ఫోనుకు కూడా సొంత ఇనిట్ ఉందని, హాస్టల్ గోడకున్న రౌటర్‌లో ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ ఉంటే అందులో ప్రోక్‌డి అనే మరొకటి ఉందని తెలిస్తే ఈ తగాదాను మనకంటే తేలిగ్గా తీసుకుంటారు.

సవరణ పాఠాన్ని విడిగా పంపుతున్నాను. తీర్మానం ఓటుకు పెట్టేముందు రెండు ఇమేజ్‌లనూ రెండు బోర్డులకెక్కించి, సెన్సర్ ప్రోగ్రాము నడుస్తుండగా ప్లగ్గు పదేపదే పీకి పెట్టి, ప్రతిసారీ కొలతలు తిరిగి మొదలవడానికి ఎంతసేపు పట్టిందో, కరెంటు పోకముందరి లాగ్ ఎంత మిగిలిందో అందరి ముందూ రాసుకుందాం. బోర్డులూ సెన్సర్లూ నేను తెస్తాను. టేబులూ ఎక్స్‌టెన్షన్ బాక్సూ ఇచ్చే ల్యాబు ఏదో మీరు నిర్ణయించి తెలియజేయగలరు.

ఇట్లు
నెల్లూరు నుంచి
మీ సహచర సిస్టమ్స్ నిర్వాహకుడు